పత్తి కట్టె పెల్లెట్ల యూనిట్‌కు ప్రభుత్వ సాయం: ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది, దేని మీద ఆధారపడాలి

మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. చేవెళ్ల మండలంలోని మీ మూడెకరాల్లో పత్తి కట్టె, కంది కట్టెతో గంటకు రెండు టన్నుల పెల్లెట్లు (పొడిని గట్టిగా నొక్కి చేసే ఇంధన గుళికలు) తయారుచేసే యూనిట్ పెడితే ప్రభుత్వం నుంచి ఎంత సబ్సిడీ వస్తుందని మొదట అడిగారు. దాని బదులు కంప్రెస్డ్ బయోగ్యాస్ (శుద్ధి చేసి ఒత్తిడితో నింపే బయోగ్యాస్) ప్లాంటు పెట్టడం మేలా అన్నది రెండో ప్రశ్న. మట్టిలో కలిసిపోయే సంచుల తయారీ చేపట్టాలనుకుంటున్న మీ చెల్లెలికి పనికివచ్చే పథకాలు ఏవైనా ఉన్నాయా అన్నది మూడోది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి యూనిట్ల ప్రాజెక్టు నివేదికలు, బ్యాంకు పత్రాలు, ఆ తర్వాత వాటి నడక చాలా కాలంగా దగ్గర నుంచి చూస్తున్నాను కనుక వివరంగానే రాస్తాను.

ప్రభుత్వ సాయం ఉంది, చెప్పుకోదగినంతగానే ఉంది. అయితే అది యూనిట్ కట్టడానికి ముందు చేతికి వచ్చే డబ్బు కాదు, కట్టి నడిపి చూపించిన తర్వాత వచ్చే డబ్బు. కాబట్టి సబ్సిడీ ఒక్క రూపాయి రాకపోయినా అప్పు తీర్చగలిగేలా లెక్క వేసుకుని, వచ్చిన సబ్సిడీని అప్పు తొందరగా తగ్గించుకోవడానికి వాడుకోండి. సబ్సిడీని ప్రమోటరు వాటాగా చూపించి కట్టిన యూనిట్లు మొదటి ఏడాదిలోనే వర్కింగ్ క్యాపిటల్ లేక ఆగిపోవడం ఈ రంగంలో పదేపదే జరిగింది.

కేంద్రంలో దీనికి ప్రధానమైన పథకం కొత్త, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2022 నవంబరు 2న ప్రకటించిన జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం. 2021-22 నుంచి 2025-26 వరకు ఉద్దేశించిన ఈ కార్యక్రమానికి మొత్తం 1715 కోట్లు, తొలి దశకు 858 కోట్లు కేటాయించారు. ఇందులో వ్యర్థాల నుంచి ఇంధనం, బయోమాస్ (పంట కట్టె, గడ్డి వంటి జీవ పదార్థం), బయోగ్యాస్ అని మూడు భాగాలున్నాయి. మీ యూనిట్ రెండో భాగంలోకి వస్తుంది. మొదట్లో పెల్లెట్లకు, బ్రికెట్లకు (అలాగే నొక్కి చేసే పెద్ద దిమ్మెలు) గంటకు ఒక టన్ను సామర్థ్యానికి 9 లక్షలు, ప్రాజెక్టుకు గరిష్ఠంగా 45 లక్షలు ఇస్తామన్నారు. అది చాలడం లేదని తర్వాత పెల్లెట్ల వరకు పెంచారు. మామూలు పెల్లెట్లకు టన్ను సామర్థ్యానికి 21 లక్షలు లేదా యంత్రాల ఖర్చులో 30 శాతం, వీటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. ప్రాజెక్టుకు గరిష్ఠ పరిమితి 105 లక్షలు. టారిఫైడ్ పెల్లెట్లకు (బయోమాస్‌ను ముందు వేడిలో మగ్గించి చేసేవి) ఇదే లెక్క 42 లక్షలు, గరిష్ఠంగా 210 లక్షలు.

మీ రెండు టన్నుల యూనిట్‌కు దీన్ని వర్తింపజేస్తే పైపరిమితి 42 లక్షలు. యంత్రాలకు కోటీ పాతిక లక్షలు అయ్యాయనుకుంటే 30 శాతం అంటే 37.5 లక్షలే కనుక మీకు వచ్చేది ఆ 37.5 లక్షలే. షెడ్డు, కాంపౌండు గోడ, బోరు, ట్రాక్టర్లు, భూమి ఇందులో లెక్కకు రావు. చాలామంది మొత్తం ప్రాజెక్టు ఖర్చు మీద 30 శాతం వేసుకుని బ్యాంకుకు చూపిస్తారు. మీరు మాత్రం యంత్రాల కొటేషన్లను విడిగా, పన్ను విడిగా తీయించి లెక్క వేయండి.

ఈ డబ్బు విడుదలయ్యే పద్ధతిని 2025 జూన్‌లో కొంత సులభం చేశారు. అంతకుముందు రోజుల తరబడి యూనిట్ నడిపి చూపించవలసిన పనితీరు తనిఖీని 10 గంటలకు కుదించారు. సామర్థ్యంలో 80 శాతానికి మించి ఉత్పత్తి చేస్తే పూర్తి సాయం, తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గించిన సాయం ఇస్తారు. దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందం చూపించాలన్న పట్టుదల కూడా సడలింది. చిన్న యూనిట్లకు ఇది నిజంగా మేలు చేసిన మార్పు, ఎందుకంటే హైదరాబాద్ శివారులోని బాయిలర్ యజమాని ఎవరూ ఊరూ పేరూ లేని కొత్త యూనిట్‌కు ఏళ్ల తరబడి ఒకే ధరకు కొంటానని సంతకం చేయడు. దరఖాస్తు అంతా ఆ మంత్రిత్వ శాఖ బయోఊర్జా పోర్టల్ ద్వారానే జరుగుతుంది. కార్యక్రమం గడువు 2025-26 అని పెట్టారు కనుక, మీరు దరఖాస్తు చేసే రోజున ఏ మార్గదర్శకాలు అమలులో ఉన్నాయో ఆ పోర్టల్‌లో స్వయంగా చదివి, వాటి ప్రతిని మీ ఫైలులో పెట్టుకోండి. యంత్రాలకు ఆర్డరు ఇవ్వకముందే దరఖాస్తు పెట్టడం మంచిది. యూనిట్ నడక మొదలైన తర్వాత పాత తేదీలతో సాయం కోరడం వల్ల ఫైలు ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

ఇక అసలు విషయం ముడిసరుకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం తెలియకుండా ఈ రంగంలోకి అడుగుపెట్టకూడదు. 2000 ప్రాంతంలో మన రాష్ట్రంలో బయోమాస్ విద్యుత్ కేంద్రాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి, వాటిలో చాలా వరకు 6 మెగావాట్ల స్థాయివి. ఊక, పత్తి కట్టె, సర్కారు తుమ్మ కాల్చి కరెంటు ఉత్పత్తి చేసి గ్రిడ్‌కు అమ్మడం వాటి ఉద్దేశం. కాగితం మీద అన్నీ సరిగానే ఉన్నాయి. కానీ అంతవరకు మిల్లు వెనుక పారబోసిన ఊకకు కొనేవాడు రాగానే ధర వచ్చింది, పక్క జిల్లాలో ఇంకో కేంద్రం వచ్చేసరికి ఆ ధర మరింత పెరిగింది. కరెంటు ధర మాత్రం కేంద్రాల చేతిలో లేదు. 2004 మార్చిలో విద్యుత్ నియంత్రణ మండలి కొనుగోలు ధరలను సవరించడం, దాని మీద వివాదం 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లడం ఈ పరిశ్రమలో పాతవారందరికీ గుర్తుంది. ముడిసరుకు ధర ఒక వైపు పెరుగుతూ, అమ్మకం ధర మరో వైపు కట్టుబడి ఉండటంతో చాలా కేంద్రాలు మూతపడ్డాయి. ప్రభుత్వం ఇచ్చిన మూలధన సాయం వాటిని నిలబెట్టలేదు. వ్యర్థం అని పేరున్నంత మాత్రాన సరుకు ఎప్పటికీ చౌకగా దొరుకుతుందని ఏ నివేదికలో రాసి ఉన్నా నమ్మకండి.

మీ లెక్కనే తీసుకుందాం. గంటకు రెండు టన్నులు, రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 9,600 టన్నుల పెల్లెట్లు. కట్టెలోని తేమ ఆరడం, దుమ్ము, మట్టి తీసేయగా పోయేది కలుపుకుంటే 11 నుంచి 12 వేల టన్నుల కట్టె సేకరించాలి. ఎకరానికి సుమారు ఒక టన్ను ఎండు కట్టె అనుకుంటే అది 11, 12 వేల ఎకరాల పత్తి. పైగా ప్రతి రైతూ మీకే ఇవ్వడు. వంటచెరకుకు కొంత పోతుంది, కొందరు రోటవేటర్‌తో పొలంలోనే కలియదున్నుతారు, కొందరు కాల్చేస్తారు, ఇటుక బట్టీల వాళ్లు కొంత పట్టుకుపోతారు. మూడో వంతు మీకు దొరుకుతుందని ధీమాగా లెక్క వేసుకున్నా మీ చుట్టూ 35 వేల ఎకరాల పత్తి ఉండాలి. చేవెళ్ల, షాబాద్, పరిగి, వికారాబాద్ వైపు పత్తి బాగానే ఉంది, తాండూరు వైపు కంది ఉంది కనుక ఇది అసాధ్యం కాదు. కానీ 40 కిలోమీటర్లు దాటి ట్రాక్టరు మీద కట్టె తెస్తే లాభం దారిలోనే అయిపోతుంది. విడి కట్టె బరువు తక్కువ, చోటు ఎక్కువ. ట్రాలీ నిండినట్టు కనిపిస్తుంది, తూకానికి తేలిపోతుంది. అందుకే కట్టెను ఊళ్లోనే ముక్కలు చేసి తేవాలి.

ఇక్కడ ఒక విషయం రైతుకూ మీకూ కలిసివస్తుంది. గులాబీ రంగు పురుగు పత్తి కట్టెలో, ఎండిన కాయల్లో నిలిచి తర్వాతి పంటకు చేరుతుంది. అందుకే పంటను అవసరానికి మించి పొడిగించవద్దని, తీతలు అయిన వెంటనే కట్టె పీకేయాలని, దాన్ని పొలం గట్ల మీద కుప్పలుగా వదలవద్దని వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది. పీకిన కట్టెను మీరు వెంటనే ముక్కలు చేసి తీసుకెళ్తే రైతుకు కూలీ ఖర్చు తగ్గుతుంది, పురుగు ఉధృతి తగ్గుతుంది. ఈ మాటతో గ్రామానికి వెళ్తే టన్నుకు వంద రూపాయలు ఎక్కువ ఇస్తామని చెప్పేకన్నా ఎక్కువ కట్టె వస్తుందని నేను గమనించాను. అదే కట్టెను ముక్కలు చేయకుండా మీ యార్డులో నెలల తరబడి కుప్ప పోస్తే పురుగును మీరే పోషించినట్టు అవుతుంది, చుట్టుపక్కల రైతులతో తగవు కూడా వస్తుంది.

పత్తి కట్టె స్వభావం కూడా తెలుసుకోవాలి. కట్టె పైనున్న నార బెరడు ముక్కలు చేసే యంత్రం బ్లేళ్లకు చుట్టుకుంటుంది. వేళ్లతో పీకిన కట్టెకు మట్టి అంటుకుని ఉంటుంది, ఆ మట్టే బూడిద శాతాన్ని పెంచి పెల్లెట్ మెషిన్ డైని, రోలర్లను అరగదీస్తుంది. వేరు భాగాన్ని దులిపి తీసుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. శుభ్రమైన పత్తి కట్టె కిలోకు దాదాపు 4000 కిలోకేలరీల వేడినిస్తుంది, బూడిద తక్కువ. వరిగడ్డి అలా కాదు. అందులో సిలికా, పొటాష్ ఎక్కువ, బూడిద 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, బాయిలర్‌లో కరిగి గడ్డకట్టి క్లింకర్ అవుతుంది. చౌకగా వస్తుందని వరిగడ్డిని ఎక్కువ పాళ్లలో కలిపితే ఒక్క లోడు తిరిగి రావడంతో సంపాదించిన పేరు పోతుంది. తేమను 10, 12 శాతానికి తేకుండా పెల్లెట్ గట్టిపడదు, కనుక ఆరబోసే కళ్లం లేదా డ్రయ్యర్ తప్పనిసరి. కట్టె వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు, యూనిట్ నడవాల్సింది ఏడాది పొడుగునా. మిగతా ఎనిమిది నెలల నిల్వకు షెడ్డు, అగ్నిమాపక ఏర్పాట్లు, బీమా, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నాలుగు నెలల్లో రైతులకు రొక్కంగా చెల్లించే డబ్బు కావాలి. ఏ సబ్సిడీ ఈ డబ్బును ఇవ్వదు. మీ ప్రాజెక్టు నివేదికలో అతి పెద్ద అంకె యంత్రాలది కాదు, ఇదే కావాలి. మూడెకరాల స్థలం సంవత్సరం నిల్వకు చాలదు. గ్రామాల్లో రెండు మూడు చోట్ల సేకరణ యార్డులు అద్దెకు తీసుకోవలసి ఉంటుంది.

సేకరణ యంత్రాలు మీరే కొనకుండా రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా వెళ్లడం నా దృష్టిలో సరైన దారి. వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద కస్టమ్ హైరింగ్ కేంద్రాలకు (యంత్రాలను అద్దెకిచ్చేవి) 40 శాతం వరకు సాయం ఉంటుంది. సంఘం దగ్గర కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డర్ ఉండి, టన్నుకు ఇంత అని మీరు కొనే ఒప్పందం ఉంటే, పెట్టుబడి పంచుకున్నట్టూ అవుతుంది, మిగతా కొనుగోలుదారులు వచ్చినప్పుడు ఊరు మీ వైపు నిలబడుతుంది.

కొనేవారి విషయానికి వద్దాం. ప్రభుత్వం చేసిన అతి పెద్ద సాయం సబ్సిడీ రూపంలో లేదు, కొనక తప్పని పరిస్థితిని కల్పించడంలో ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు బయోమాస్ పెల్లెట్లు కాల్చాలని విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. సమర్థ్ పేరుతో జాతీయ మిషన్ కూడా ఏర్పాటైంది. 2023 జూన్‌లో గడువులు సవరించి, 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అన్నారు. దేశంలోని బొగ్గు వాడకంతో పోలిస్తే ఆ 5 శాతమే చాలా పెద్ద పరిమాణం. అయితే విద్యుత్ కేంద్రంలో బొగ్గును పొడి చేసే మిల్లు రకాన్ని బట్టి పెల్లెట్ రకం మారుతుంది. బౌల్ మిల్లు ఉన్న చోట మామూలు పెల్లెట్లు సరిపోతాయి. బాల్ అండ్ ట్యూబ్ మిల్లు ఉన్న చోట టారిఫైడ్ పెల్లెట్లు, అదీ వోలటైల్ పదార్థం (వేడికి ఆవిరై పోయే భాగం) 22 శాతం లోపు ఉన్నవి అడుగుతారు. గాలి తగలకుండా సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడిలో బయోమాస్‌ను మగ్గించి చేసే టారిఫికేషన్‌కు పెట్టుబడి, నైపుణ్యం రెండూ ఎక్కువ కావాలి. మొదటి యూనిట్‌లోనే దాని జోలికి వెళ్లవద్దని నా సలహా, సబ్సిడీ రెట్టింపు ఉన్నా సరే.

విద్యుత్ కేంద్రాల టెండర్లకు కనీస పరిమాణం, బ్యాంకు గ్యారంటీ, నాణ్యత తక్కువైతే కోత వంటి షరతులు ఉంటాయి. మీ స్థాయి యూనిట్‌కు మొదటి రెండేళ్లు జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతాల్లోని ఔషధ, రసాయన, ఆహార పరిశ్రమల బాయిలర్లే అసలైన మార్కెట్. బొగ్గు, ఫర్నెస్ ఆయిల్ వాడకం తగ్గించుకోవాలని విదేశీ కొనుగోలుదారుల నుంచి ఔషధ కంపెనీల మీద ఒత్తిడి ఉంది కనుక గిరాకీ నిలకడగా ఉంది. నాణ్యత నిలకడగా ఉన్న సరుకుకు వారు కొంచెం ఎక్కువ ధర ఇస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (సూక్ష్మ, చిన్న పరిశ్రమల కేంద్ర నమోదు) తప్పక చేయించుకోండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది. ఆ గడువు దాటితే కొన్నవారికి ఆదాయపు పన్నులో ఆ ఏడాది ఆ ఖర్చు మినహాయింపు దక్కదు. ఈ నిబంధన వచ్చాక పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు చిన్న సరఫరాదారుల బిల్లులను ముందుగా చూస్తున్నాయి. అయితే ఈ రక్షణ తయారీదారుకు ఉంటుంది, కొని అమ్మే వ్యాపారికి ఉండదు కనుక రిజిస్ట్రేషన్‌లో మీ పని తయారీగా నమోదయ్యేలా చూసుకోండి.

అప్పు విషయంలో, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు తాకట్టు లేని రుణాలకు గ్యారంటీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లకు పెరిగింది. బ్రాంచి మేనేజరు ఇల్లు తాకట్టు పెట్టమంటే ఈ విషయం మర్యాదగా గుర్తుచేయండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం తయారీకి 50 లక్షల ప్రాజెక్టు వరకు వర్తిస్తుంది. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. మీ యూనిట్ ఆ పరిమితి దాటుతుంది. పైగా ఇతర ప్రభుత్వ సబ్సిడీ పొందిన యూనిట్‌కు ఇది ఇవ్వరు. ఒకే యంత్రానికి రెండు కేంద్ర శాఖల నుంచి సాయం తీసుకోవచ్చని చెప్పే మధ్యవర్తుల మాట వినకండి. తర్వాత వెనక్కి కట్టాల్సి వస్తుంది. రాష్ట్రం వైపు నుంచి టీజీ-ఐపాస్ అనే సింగిల్ విండో ద్వారా అనుమతులు, జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా పెట్టుబడి రాయితీ, కరెంటు ఛార్జీల రీయింబర్స్‌మెంట్ వంటివి ఉంటాయి. టన్ను పెల్లెట్‌కు సుమారు వంద యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది కనుక ఆ రీయింబర్స్‌మెంట్ చిన్నదేమీ కాదు. కానీ రాష్ట్ర ప్రోత్సాహకాలు మంజూరైన తర్వాత కూడా విడుదల కావడానికి చాలా కాలం పట్టవచ్చు. వాటిని నగదు ప్రవాహంలో చూపించవద్దు.

చేవెళ్ల అన్నారు కనుక ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996 మార్చి 8న వచ్చిన 111 జీవోలో 84 గ్రామాలున్నాయి. మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్, షాబాద్‌లతో పాటు చేవెళ్ల మండలంలోని కొన్ని గ్రామాలు కూడా అందులోకి వస్తాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ద్వారా ఆ ఆంక్షలు తొలగించినా, జలాశయాల నీటి నాణ్యతను కాపాడాలన్న షరతు ఉంది. మీ గ్రామం ఆ జాబితాలో ఉంటే, భూమి మీద ఒక్క పునాది రాయి వేయకముందే కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపన అనుమతి విషయం రాతపూర్వకంగా తేల్చుకోండి. వ్యవసాయ భూమిని నాలా (వ్యవసాయేతర భూమి) మార్పిడి చేయించడం దాని తర్వాత పని. మీ భూమి ఆ గ్రామాల్లో ఉంటే, పరిగి వైపు స్థలం లీజుకు తీసుకోవడం మేలు. ముడిసరుకుకు కూడా దగ్గర అవుతుంది.

బయోగ్యాస్ ప్లాంటు గురించి మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను: ప్రభుత్వ మద్దతు దానికి పెల్లెట్ల కన్నా ఎక్కువగా ఉంది, కానీ అది మీ స్థాయి పెట్టుబడి కాదు. 2018 అక్టోబరు 1న ప్రారంభమైన సతత్ పథకం చమురు కంపెనీలు గ్యాస్‌ను కొనే ఏర్పాటు చేసింది. జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం రోజుకు 4,800 కిలోల సామర్థ్యానికి 4 కోట్లు, ప్రాజెక్టుకు గరిష్ఠంగా 10 కోట్లు ఇస్తుంది. నగర గ్యాస్ సంస్థలు తమ సీఎన్‌జీ, వంటింటి పైపు గ్యాస్‌లో బయోగ్యాస్‌ను 2025-26లో 1 శాతం, 2026-27లో 3 శాతం, 2027-28లో 4 శాతం, 2028-29 నుంచి 5 శాతం కలపాలని నిర్ణయించారు. ప్లాంటు నుంచి వచ్చే సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల మార్కెట్ సాయం కోసం 2023 జూన్‌లో 1,451.84 కోట్లు, ఆ తర్వాత గడ్డి సేకరణ యంత్రాలకు 564.75 కోట్లు, పైపులైన్లకు 994.5 కోట్లు కేటాయించారు. రిజర్వు బ్యాంకు 2020లోనే ఈ ప్లాంట్ల రుణాలను ప్రాధాన్య రంగంలో చేర్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి బయోగ్యాస్ ప్లాంటు పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇంత మద్దతు ఉన్నా ఈ రంగం నెమ్మదిగా నడవడానికి కారణం సాంకేతికంగానే ఉంది. 2023-24 నాటికి 5,000 ప్లాంట్లు అన్న సతత్ లక్ష్యానికి దేశం చాలా దూరంలో ఆగిపోయింది. ఒక టన్ను గ్యాస్‌కు రమారమి 10 టన్నుల వరిగడ్డి, లేదా 25 టన్నుల ప్రెస్‌మడ్ (చక్కెర మిల్లులో రసం వడకట్టగా మిగిలే మడ్డి), లేదా 50 టన్నుల పేడ కావాలి. పత్తి కట్టె ఇందుకు పనికిరాదు. కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ ఎక్కువగా ఉండటం వల్ల దాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టలేవు. అంటే మీ దగ్గరున్న ముడిసరుకుకు, ఈ ప్లాంటుకు పొంతన లేదు. గ్యాస్ తీశాక రోజూ మిగిలే స్లర్రీని (జారుడు వ్యర్థాన్ని) ఎరువుగా అమ్ముకోలేని ప్లాంటు తన స్లర్రీలోనే మునిగిపోతుంది. గ్యాస్‌లో మీథేన్ కనీసం 90 శాతం ఉండాలన్న ఐఎస్ 16087 ప్రమాణం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతులు ఇవన్నీ అదనం. మీకు ఆసక్తి ఉంటే బోయిన్‌పల్లి మార్కెట్ యార్డు ప్లాంటు చూసి రండి. తార్నాకలోని ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ) సాంకేతికతతో, రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తీసేలా దాన్ని కట్టారు. వ్యర్థం పుట్టిన చోటే, దాన్ని వాడుకునే అవసరం ఉన్న చోటే ప్లాంటు ఉండటం దాని బలం. మీ బంధువులకు పాడి ఉంటే, ఇంటి స్థాయి ప్లాంట్లకు 9,800 నుంచి 70,400 రూపాయల వరకు సాయం ఉంటుందని చెప్పండి. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ టీజీ రెడ్కోను సంప్రదిస్తే వివరాలు దొరుకుతాయి.

మీ చెల్లెలి ఆలోచన గురించి. సంచుల తయారీకి వెళ్లేముందు ఆమె ఏ రకం సరుకు ఎంచుకుంటున్నారో తేల్చుకోవాలి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం రావడంతో మార్కెట్ పెద్దదైంది, దానితోపాటు తప్పుడు ముద్రలతో వచ్చే సరుకు కూడా పెరిగింది. కంపోస్టబుల్ అని అమ్మాలంటే ఐఎస్ 17088 ప్రమాణానికి సరిపోవాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ ప్రమాణంలోని పరీక్షలో పదార్థం 180 రోజుల లోపు 90 శాతం మేర జీర్ణమైందని తేలాలి కనుక ధ్రువపత్రం నెలల పని. యంత్రం వచ్చి, అద్దె నడుస్తూ, ధ్రువపత్రం లేక సరుకు అమ్ముకోలేని స్థితి రాకుండా చూసుకోవాలి. ఇప్పటికే ధ్రువీకరణ ఉన్న గ్రాన్యూల్స్ కొని సంచులు చేస్తే ఈ భారం కొంత తగ్గుతుంది కానీ తయారీదారుగా ఆమె అనుమతి ఆమెకు ఉండాల్సిందే. చర్లపల్లిలోని కేంద్ర ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ సీపెట్‌లో పరీక్షలు, శిక్షణ గురించి అడగవచ్చు. ఆమె పెట్టుబడి 50 లక్షల లోపు అయితే నేను పైన చెప్పిన ఉపాధి కల్పన కార్యక్రమం సరిగ్గా ఆమెకు సరిపోతుంది. ఆ సబ్సిడీ మూడేళ్ల పాటు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాతే అప్పుకు జమ అవుతుంది, ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

అలా కాకుండా ఆమె కొత్త పదార్థం మీద, ఉదాహరణకు పత్తి కట్టె సెల్యులోజ్‌తో ప్యాకింగ్ సరుకు వంటి దాని మీద పని చేయగలిగితే దారి వేరు. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 అనే బయోటెక్నాలజీ విధానం ఆరు రంగాలకు ప్రాధాన్యం ఇచ్చింది. జీవాధారిత రసాయనాలు, బయోపాలిమర్లు, ఎంజైములు వాటిలో మొదటిది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కింద పనిచేసే బైరాక్ సంస్థ ఇచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు 18 నెలల కాలానికి 50 లక్షల వరకు ఉంటుంది, ఇది అప్పు కాదు. జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఈ గ్రాంటుకు హైదరాబాద్ భాగస్వామి. అయితే వారు చూసేది ఆలోచనలోని కొత్తదనం, దాన్ని నిరూపించే ప్రణాళిక. యంత్రం కొని సంచులు చేస్తామంటే ఇవ్వరు. రెండు దారులకు ఒకే దరఖాస్తు రాసి రెండు చోట్లా తిరస్కరణకు గురైనవారు ఉన్నారు కనుక మొదటే ఏ దారో నిర్ణయించుకోమనండి.

మీ విషయంలో నేను చేయమనే పనుల క్రమం ఇది. మొదట గ్రామం 111 జీవో పరిధిలో ఉందో లేదో తేల్చుకోండి. మండల వ్యవసాయాధికారి కార్యాలయంలో ఊళ్ల వారీగా గత మూడు వానాకాలాల పత్తి, కంది విస్తీర్ణం వివరాలు తీసుకోండి. యంత్రాలు కొనకముందే ఈ సీజన్‌లో ఒకటి రెండు ఊళ్ల నుంచి వంద టన్నుల కట్టె సేకరించి, ముక్కలు చేయించి, పాశమైలారం వైపు నడుస్తున్న ఏదైనా యూనిట్‌లో జాబ్ వర్క్ మీద పెల్లెట్లు చేయించండి. పొలం దగ్గర ధర, కూలీ, రవాణా, తేమ వల్ల పోయిన బరువు అన్నీ మీ చేతి లెక్కలోకి వస్తాయి. ఆ పెల్లెట్లను ఇద్దరు ముగ్గురు బాయిలర్ యజమానులకు పంపితే ధర మాట కూడా తేలుతుంది. పేరున్న ల్యాబులో బూడిద, తేమ, కేలరీల విలువ పరీక్ష చేయించి నివేదిక దగ్గర పెట్టుకోండి, బ్యాంకు దాన్ని ఏ కన్సల్టెంటు అంచనాకన్నా ఎక్కువగా నమ్ముతుంది. ఆ విస్తీర్ణం వివరాలు, ల్యాబు నివేదిక, యంత్రాల కొటేషన్లు ఇక్కడ రాస్తే, రెండు టన్నుల సామర్థ్యం మీకు సరిపోతుందా, ఒక టన్నుతో మొదలుపెట్టడం మంచిదా అన్నది అంకెలతో చెప్పగలను.